గుర్తు తీసే పని

వకుళ కణాలు మళ్లీ చచ్చిపోయాయి.

పొద్దున్నే వచ్చి పళ్లెం మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. నిన్నటిదాకా అడుగున అతుక్కుని ఒత్తుగా పరుచుకున్నవి, ఇవాళ ఉండలా ముడుచుకుని నీళ్లలో తేలుతున్నాయి. చావు దగ్గర పడితే కణాలు అలాగే పట్టు వదిలేస్తాయి. పళ్లెం కొద్దిగా వంచింది. అన్నీ ఓ పక్కకి జారిపోయాయి.

ఆమె తిన్నగా జుబేదా మేడమ్ గదికి వెళ్లింది.

"మేడమ్, మురారిని కింది అంతస్తు ల్యాబ్‌కి పంపించేయండి."

మేడమ్ కిటికీ దగ్గర నిలబడి టీ వడపోస్తున్నారు. వెనక్కి తిరక్కుండానే అడిగారు.

"ఏమైంది బిడ్డా?"

"నా కణాలు పోయాయి. నిన్న సాయంత్రం వాడు కల్చర్ రూమ్‌లో కనబడ్డాడట."

"ఇంక్యుబేటర్ తెరిచిండా?"

"తెరవడం ఎవరూ చూళ్లేదు. కానీ ఇంతకుముందు జరిగింది మీకు తెలుసు కదా."

మేడమ్‌కి తెలుసు. ఆ ల్యాబ్‌లో అందరికీ తెలుసు.

జుబేదా మేడమ్‌ది హనుమకొండ. హైదరాబాద్ శివార్లలోని ఆ పరిశోధన సంస్థలో జీవితమంతా కణాల మధ్యే గడిపారు. ఎక్కువగా మాట్లాడరు. విద్యార్థి ఏదైనా అడిగితే జవాబు చెప్పే బదులు ఓ పని చెప్పి పంపిస్తారు. ఆ పని చేసొచ్చేసరికి కొందరికి అడగాల్సిన అవసరం ఉండేది కాదు. కొందరు చిరాకుపడి వేరే ల్యాబ్‌కి వెళ్లిపోయేవారు.

వకుళ నంద్యాల నుంచి వచ్చింది. ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. మురారిది బొబ్బిలి వైపు. వకుళ కంటే తర్వాత చేరాడు. ఆమెని అక్కా అని పిలుస్తాడు.

ఆ ల్యాబ్‌లో చూసేది ఒకటే సంగతి. మన ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్ఏ ఎప్పుడూ ఎక్కడో ఓ చోట తెగుతూనే ఉంటుంది. ఎండకి తెగుతుంది, పొగకి తెగుతుంది, ఊరికే బతుకుతున్నందుకు కూడా తెగుతుంది. అయినా మనం బాగానే ఉంటాం. ఎలా?

తెగిన చోటికి ముందుగా కొన్ని ఎంజైమ్‌లు చేరతాయి. అవి డీఎన్ఏని అతకవు. దాని చుట్టూ ఉన్న ప్రొటీన్ల మీద ఓ చిన్న గుర్తు అంటిస్తాయి, అంతే. ఆ గుర్తు చూసి బాగుచేసే ప్రొటీన్లు గుంపుగా వస్తాయి. పని పూర్తయ్యేదాకా కణం రెండుగా చీలడం మానేసి ఆగిపోతుంది. తర్వాత మరో ఎంజైమ్ వచ్చి ఆ గుర్తు తీసేస్తుంది.

వకుళ చదువుతున్నది ఆ చివరిదాని గురించి. గుర్తు తీసే ఎంజైమ్.

ల్యాబ్‌లో దానికి తుడుపుగుడ్డ అని పేరు పెట్టారు. "ఏంటి వకుళా, తుడుపుగుడ్డ ఏమంటోంది?" అని అడిగేవారు. ఆమె నవ్వేది కానీ లోపల గుచ్చుకునేది. తక్కినవాళ్లు అతికేవాటి గురించి చదువుతున్నారు, పసిగట్టేవాటి గురించి చదువుతున్నారు. తనకి మాత్రం అంతా అయ్యాక వచ్చి తుడిచిపోయేది దొరికింది.

అందుకే ఒక రోజు అందరి ముందూ ధైర్యంగా ఒక మాట అంది.

"ఈ ఎంజైమ్ లేకపోతేనే కణానికి మంచిదని నా ఊహ. గుర్తు ఎప్పటికీ ఉంటుంది, బాగుచేసేవాళ్లు అక్కడే కాపలా ఉంటారు. డీఎన్ఏ ఇంకా భద్రంగా ఉంటుంది. నేను నిరూపిస్తాను."

ఆ ఎంజైమ్ లేని కణాలు తయారుచేయడానికి ఆమెకి ఏడాది పట్టింది.

సరిగ్గా అవి తయారయ్యాకే మురారి వల్ల ఆ పొరపాటు జరిగింది. కణాలు పెంచే కల్చర్ రూమ్‌లో ఇంక్యుబేటర్ అనే వెచ్చటి పెట్టె ఉంది, దానికి గ్యాస్ అందకపోతే అవి బతకవు. గ్యాస్ సిలిండర్ మార్చడం ఆ వారం అతని వంతు. మార్చాడు. వాల్వు తిప్పడం మరిచిపోయాడు. శని, ఆదివారాలు ఎవరూ రాలేదు. సోమవారం వచ్చేసరికి లోపలున్నవన్నీ పోయాయి.

వకుళ ఆ రోజు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. మురారి కాస్త దూరంలో నిలబడ్డాడు. దగ్గరికి వచ్చే ధైర్యం లేదు, వెళ్లిపోయే ధైర్యమూ లేదు.

మధ్యాహ్నం ఆమె తెల్లటి టేపు ముక్క మీద ఎర్ర ఇంకుతో రాసి ఇంక్యుబేటర్ తలుపు మీద అంటించింది. 'మురారి తెరవకూడదు.'

మేడమ్ అది చూశారు. ఏమీ అనలేదు. ఆ టేపు వల్ల మేలే జరిగింది. చూసిన ప్రతివాళ్లూ ఏం జరిగిందని అడిగారు. తెలుసుకుని వెళ్లి తమ వాల్వులు చూసుకున్నారు. గ్యాస్ తగ్గితే కూత పెట్టే యంత్రం ఒకటి తెప్పించారు. సిలిండర్ మార్చిన మనిషి వెనక ఇంకో మనిషి సరిచూడాలనే పద్ధతి వచ్చింది.

మురారి కూడా ఊరుకోలేదు. ఫ్రీజర్ అడుగునెక్కడో గడ్డకట్టించి దాచిన కణాలు కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిని వెతికి తీసి, వకుళ చెప్పినట్టల్లా పోషించాడు. అప్పట్లో ఇంక్యుబేటర్ తలుపు వకుళే తెరిచేది, అతను పక్కన నిలబడి అందించేవాడు. పండగలకి ఊరు వెళ్లలేదు. మెల్లగా పాత కణాలన్నీ తిరిగొచ్చాయి. వకుళ పని మళ్లీ మొదలైంది.

టేపు మాత్రం ఉండిపోయింది.

తీయమని ఎవరూ అనలేదు. మురారి అడగలేదు. తన కణాల పళ్లేలు థర్మోకోల్ డబ్బాలో పెట్టుకుని, ఆవరణకి అవతల ఉన్న ఇంకో ల్యాబ్‌కి మోసుకెళ్లి అక్కడ పెంచుకుంటున్నాడు. ఎండలో అటూ ఇటూ తిప్పడంతో అవి సరిగ్గా పెరిగేవి కావు. పీహెచ్‌డీ సమీక్షలో చూపించడానికి అతని దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఇదంతా మేడమ్ ఎరుగుదురు. ఇప్పుడు టీ కప్పు వకుళ ముందు పెట్టారు. సొరుగు తెరిచి తాళంచెవి తీసి కప్పు పక్కన పెట్టారు.

"కల్చర్ రూమ్‌ది. నువ్వే ఉంచుకో. మళ్లీ చెయ్."

"నేనొక్కదాన్నేనా?"

"నువ్వొక్కదానివే. ఇంకెవ్వరు రారు."

వకుళకి కొండంత ధైర్యం వచ్చింది. టీ తాగకుండానే లేచింది.

ఆమె చేసే ప్రయోగం సులువైనదే. కణాలకి ఒకసారి కొద్దిగా ఎక్స్-రే కిరణాలు పట్టిస్తుంది. డీఎన్ఏ అక్కడక్కడా తెగుతుంది. మర్నాడు మరో విడత పట్టిస్తుంది. బతుకులో జరిగేదీ అదే, దెబ్బ ఒక్కసారి తగిలి ఆగదు. ఆ తర్వాత మామూలు కణాలు ఎన్ని మిగిలాయి, తుడుపుగుడ్డ లేనివి ఎన్ని మిగిలాయి అని చూస్తుంది.

ఈసారి తలుపుకి తాళం వేసింది. గ్యాస్ తనే చూసుకుంది. ఆహారం తనే మార్చింది. పళ్లేల మీద పేర్లు కూడా మరొకరి చేత రాయించలేదు.

మామూలు కణాలు తేరుకున్నాయి. ఆమెవి చచ్చిపోయాయి.

ఇంకోసారి చేసింది. అదే జరిగింది.

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. ఆ గదిలోకి మురారి రాలేదు. మరెవరూ రాలేదు. నిందించడానికి తను తప్ప ఎవరూ లేరు. తను కూడా ఏ తప్పూ చేయలేదు.

కిటికీలోంచి బయటికి చూసింది. మురారి తెల్ల డబ్బా చంటిబిడ్డలా పట్టుకుని, ఎండ తగలకుండా వంగి నడుస్తూ ఆవరణ దాటుతున్నాడు. డబ్బా కదలకుండా ఉండాలని చాలా నెమ్మదిగా నడుస్తున్నాడు. వెనకొచ్చినవాళ్లంతా అతన్ని దాటుకుని వెళ్లిపోతున్నారు.

ఆ సాయంత్రం అతనే ఆమె దగ్గరికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అక్కా, ఈ నెలాఖరుకి వెళ్లిపోతున్నానక్కా. ఓ మందుల కంపెనీలో ఉద్యోగం చూసుకున్నా. నీకు ముందే చెబుదామని."

"పీహెచ్‌డీ?"

"అవదులే. ఇక్కడ నాకు పని నడవట్లేదు." కాస్త ఆగాడు. "ఆ రోజు చేతి తొడుగులు అయిపోతే తీసుకోడానికి వచ్చానక్కా కల్చర్ రూమ్‌కి. నీ పళ్లేల జోలికి పోలేదు."

"తెలుసు," అంది వకుళ.

ఆ మాట అనడానికి ఆమెకి చాలా కష్టమైంది. అతను తలూపి వెళ్లిపోయాడు. అతనికి ఆ మాటతో పెద్ద తేడా ఏమీ పడినట్టు కనబడలేదు.

మర్నాడు ఆమె మేడమ్ గదికి వెళ్లి తాళంచెవి బల్ల మీద పెట్టింది.

"మురారి ఏమీ చేయలేదు మేడమ్. నా ఊహే తప్పు. గుర్తు ఉండిపోతే కణాలు చచ్చిపోతున్నాయి. ఎందుకో నాకు తెలియట్లేదు."

మేడమ్ కళ్లద్దాలు పెట్టుకుని లేచారు. "పా. చూద్దాం."

చీకటి గదిలో మైక్రోస్కోపు ముందు ఇద్దరూ కూర్చున్నారు. మొదటి పళ్లెం కిరణాలు ఒక్క విడతే పట్టించినది. అందులో కణాలని జెల్లీలో పెట్టి కరెంటు పారించారు. డీఎన్ఏ తెగి ఉంటే ముక్కలు సాగి తోకచుక్కలా కనబడుతుంది. అతుక్కుని ఉంటే గుండ్రంగా చందమామలా ఉంటుంది.

"గాయం ఏడుందో చూపియ్," అన్నారు మేడమ్.

వకుళ ఒక్కో కణాన్నీ చూసుకుంటూ వెళ్లింది. ఎక్కడా తోకలు లేవు. అన్నీ చందమామలే.

"లేదు మేడమ్. అతుక్కుపోయింది."

"ఇవి నీవేనా? ఎంజైమ్ లేనివి?"

"నావే."

"ఇప్పుడు రెండోది పెట్టు."

రెండో పళ్లెంలోవీ ఆ కణాలే. గుర్తు ఉన్నచోట ఆకుపచ్చగా వెలిగే రంగు పట్టించారు. వకుళ కళ్లు ఆనించింది. నల్లటి చీకట్లో ఆకుపచ్చ చుక్కలు. ప్రతి కణంలోనూ ఉన్నాయి. ఒక్కటీ ఆరిపోలేదు.

"ఇదేంది?"

"గుర్తు."

"గాయం లేదంటివి కదా?"

"లేదు. గుర్తుంది."

"మరి కణం ఏం చేస్తాంది?"

"ఏమీ చేయట్లేదు మేడమ్. ఆగిపోయింది. చీలట్లేదు."

"దేనికోసం ఆగింది?"

వకుళ మళ్లీ మైక్రోస్కోపుకి కళ్లు ఆనించింది.

మేడమ్ తొందరపెట్టలేదు. మూడో పళ్లెం తనే అమర్చారు. ఇది రెండో విడత కూడా కిరణాలు పట్టించినది; ఓ సగంలో మామూలు కణాలు, ఓ సగంలో వకుళవి ఉన్నాయి. ఇందులో కొత్తగా తెగిన చోటు ఎర్రగా కనబడుతుంది. ఈసారి ఆకుపచ్చగా కనబడేది గుర్తు కాదు, బాగుచేసే ప్రొటీన్లు.

మామూలు కణాల్లో ఎరుపు మీదే ఆకుపచ్చ వాలి ఉంది. వకుళ కణాల్లో అలా లేదు. ఆకుపచ్చ అంతా పాత చోట్లలోనే గుమిగూడి ఉంది. మానిపోయిన గాయం చుట్టూ అంత గుంపు. అవతల ఎర్ర చుక్కలు ఎవరూ రాక ఒంటరిగా మిగిలిపోయాయి.

ఆమె ఆ ఎర్ర చుక్కల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"చూసినవా?" అన్నారు మేడమ్.

"చూశాను."

మేడమ్ లేచి లైటు వేసి బయటికి నడిచారు.

ఆ మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి చిన్న సీసా ఒకటి వచ్చింది. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఓ పాప చర్మపు కణాలు అందులో ఉన్నాయి. ఎండ తగిలితే చాలు, ఆ పాప ఒళ్లు బొబ్బలెక్కుతుంది. ఆమె కణాలకి తెగిన డీఎన్ఏని బాగుచేసుకోవడం రాదు. ఎందుకు రాదో తెలిస్తే ఏదైనా చేయొచ్చేమో అని డాక్టర్లు పంపారు. మళ్లీ పంపడం కుదరదని కూడా చెప్పారు. ఆ పాప మొదటిసారికే చాలా భయపడిందట.

మేడమ్ సీసా అందుకుని ల్యాబ్ మధ్యలో నిలబడ్డారు.

"మురారి!"

బల్ల ముందు సామాన్లు సర్దుకుంటున్న మురారి లేచొచ్చాడు.

"చెయ్యి పట్టు."

అతను రెండు చేతులూ చాపాడు. ఆవిడ సీసా అందులో పెట్టారు.

"ఈ పాప కణాలు నువ్వు పెంచాలె."

మురారి బిత్తరపోయాడు. "నేనా? మేడమ్, నేను నెలాఖరుకి..."

"నెలాఖరు ఇంకా రాలే కదా. పోయి పెట్టు."

"అవతలి ల్యాబ్‌కి పట్టుకెళ్తాను మేడమ్. డబ్బా తెచ్చుకుంటా."

"అంత దూరం ఎందుకు? ఎండకు ఓర్వని కణాలు. ఈడనే పెట్టు."

ఆవిడ ముందు నడిచారు. మురారి వెనక, అతని వెనక వకుళ. కల్చర్ రూమ్‌లోకి వెళ్లగానే మేడమ్ సింకు దగ్గరికి పోయి, వాళ్లకి వీపు పెట్టి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టారు. మోచేతుల దాకా సబ్బు రాసుకుని నిదానంగా రుద్దుకుంటున్నారు.

మురారి సీసాని గుండెకి ఆనించి పట్టుకుని ఇంక్యుబేటర్ దగ్గరికి వెళ్లాడు. రెండో చెయ్యి పిడి వైపు చాపాడు.

చెయ్యి ఆగిపోయింది.

పిడికి జానెడు దూరంలో, గాలిలో అలాగే నిలిచిపోయింది. అతను టేపు చదవట్లేదు. చదవాల్సిన అవసరం అతనికి లేదు. అది అక్కడ ఉందని ఆ చేతికి తెలుసు. వేళ్లు కొద్దిగా ముడుచుకున్నాయి. అతను వెనక్కి తిరగలేదు, వకుళ వైపు చూడలేదు. ఊరికే నిలబడ్డాడు.

వకుళ ఆ చేతినే చూస్తోంది.

సింకు దగ్గర నీళ్లు పారుతూనే ఉన్నాయి.

ఆమె రెండడుగులు వేసింది. అతని చేతి కిందుగా తన చెయ్యి పోనిచ్చి టేపు అంచు గోటితో లేపింది. అది తేలిగ్గా రాలేదు. ముక్కలు ముక్కలుగా చిరిగింది. జిగురు తలుపుకే ఉండిపోయింది. స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దింది, గోటితో గీకింది, మళ్లీ రుద్దింది. ఎర్ర ఇంకు ఆమె వేళ్లకి అంటుకుంది.

ఆమె పని చేస్తున్నంతసేపూ మురారి కదల్లేదు.

"తెరువు మురారీ," అంది వకుళ. పక్కకి జరిగింది. "చల్లారిపోతాయి."

అతను తెరిచాడు. వెచ్చటి గాలి ఇద్దరి ముఖాలకీ తగిలింది. సీసాని పై అరలో, వకుళ పళ్లేల పక్కన పెట్టాడు. తలుపు వేశాడు. గ్యాస్ ముల్లు చూశాడు. ఆమె వైపు తిరిగాడు.

"నువ్వూ ఓసారి చూడక్కా."

ఆమె చూసింది. "సరిగ్గానే ఉంది."

మేడమ్ అప్పటికి తువాలుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయారు.

మురారి నెలాఖరుకి వెళ్లలేదు. కంపెనీవాళ్లకి ఏం చెప్పాడో ఎవరూ అడగలేదు. పాప కణాలు మొదట మొరాయించాయి, తర్వాత మెల్లగా పళ్లెం నిండా పాకాయి. అతని సొంత కణాలు కూడా ఆవరణ దాటి తిరిగి వచ్చాయి. ఒక్కోసారి వకుళ ఊరెళ్తే ఆమె పళ్లేలకి అతనే ఆహారం మార్చేవాడు.

వకుళ తన వాదన తిరగరాసింది. ల్యాబ్ అందరి ముందూ నిలబడి, తను మొదట అన్నది తప్పని చెప్పి, ఫలితాలు చూపించింది. ఆ రోజు ఎవరూ తుడుపుగుడ్డ అనలేదు.

అయితే ఒక ప్రశ్న ఆమెని వదల్లేదు. ఓ రోజు మేడమ్ బస్సు కోసం గేటు వైపు నడుస్తుంటే వెంట వెళ్లింది.

"మేడమ్, ఒకటి అడగనా? గుర్తు తొందరపడి తీసేస్తే గాయం మానకుండా ఉండిపోతుంది. ఆలస్యంగా తీస్తే కణమే పోతుంది. సరిగ్గా ఎప్పుడు తీయాలో ఆ ఎంజైమ్‌కి ఎలా తెలుస్తుంది?"

మేడమ్ ఆగారు. బస్సు మలుపు తిరిగి వస్తోంది. ఆవిడ వకుళ ముఖంలోకి చూసి చిన్నగా నవ్వారు.

"నాకు తెల్వదు బిడ్డా. ఇన్నేండ్లయినా తెల్వలే. నువ్వు చూడు."